పెద్ద బిల్డింగుల కర్బన లెక్కను జనం ముందు పెట్టండి: పురపాలక, ఇంధన శాఖలకు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ కార్యదర్శి గారికి, ఇంధన శాఖ కార్యదర్శి గారికి, ఇంధన పొదుపు వ్యవహారాలు చూసే రాష్ట్ర సంస్థ టీజీరెడ్కో అధికారులకు,

నమస్కారం.

హైదరాబాద్‌లోని పెద్ద పెద్ద ఆఫీసు బిల్డింగులు, మాల్స్, హోటళ్లు, కార్పొరేట్ ఆస్పత్రులు ఏడాదికి ఎంత కరెంటు వాడుతున్నాయి, ఎంత డీజిల్ కాలుస్తున్నాయి, ఏసీ ప్లాంట్ల నుంచి ఎంత గ్యాస్ గాల్లోకి వదులుతున్నాయి? ఒక్కో బిల్డింగుకూ ఈ లెక్క తీసి ఏటా అందరికీ కనిపించేలా పెట్టమని అడగడానికే ఈ లేఖ. ఇదే విషయం మీద మా కాలనీవాళ్లం కలిసి అర్జీ ఇచ్చాం. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు కూడా చేశాం. ఒక ఆఫీసు వాళ్లు తమ పరిధి కాదన్నారు. ఇంకో ఆఫీసు వాళ్లు బిల్డింగులవారీగా అలాంటి సమాచారం తమ దగ్గర లేదన్నారు. ఆ తర్వాత రాసిన ఉత్తరాలకు ఉలుకూ పలుకూ లేదు. అందుకే ఇప్పుడు అందరికీ తెలిసేలా రాస్తున్నాం.

నేను ఎనర్జీ ఆడిట్లు చేసే ఇంజినీర్ని. పగలు ఇలాంటి బిల్డింగుల ప్లాంట్ రూముల్లో తిరుగుతాను, రాత్రి అలాంటి టవర్ల వెనక సందులోనే ఉంటాను. కాబట్టి లోపల ఏం జరుగుతుందో, బయట ఏం జరుగుతుందో రెండూ తెలిసి రాస్తున్నాను.

ముందుగా ప్రభుత్వం చేసిన మంచి పని గురించి చెప్పాలి. భవనాల ఇంధన పొదుపు కోడ్ ఉమ్మడి రాష్ట్రంలో 2014 మొదట్లోనే వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక దాన్ని హైదరాబాద్‌లో ఆన్‌లైన్ అనుమతుల విధానంతో ముడిపెట్టారు. 1,000 చదరపు మీటర్ల ప్లాటు గానీ, 2,000 చదరపు మీటర్ల బిల్టప్ ఏరియా గానీ ఉన్న వాణిజ్య భవనాలు ఆ కోడ్ పాటించాలన్నారు. బయటి నిపుణులతో డ్రాయింగులు తనిఖీ చేయించే పద్ధతి తెచ్చారు. దేశంలో చాలా నగరాలు ఇంకా ఆలోచిస్తున్న రోజుల్లో మన దగ్గర ఈ పని మొదలైంది. 2023లో కూల్ రూఫ్ (ఎండ వేడిని తిప్పికొట్టే పైకప్పు) పాలసీ కూడా తెచ్చారు. ఇవన్నీ మెచ్చుకోదగ్గవే.

అయితే ఆ తనిఖీ అంతా బిల్డింగ్ కట్టేదాకానే. ఓసీ (బిల్డింగ్ వాడుకోవచ్చని ఇచ్చే సర్టిఫికెట్) చేతికొచ్చాక ఆ బిల్డింగ్ ముప్ఫై, నలభై ఏళ్లు నడుస్తుంది. అద్దం ఎంత మందమో, గోడలోంచి వేడి ఎంత దిగుతుందో కాగితం మీద లెక్క కట్టిన మనం, తీరా మీటరు తిరగడం మొదలయ్యాక ఎంత తిరిగిందని అడగడం లేదు. మంచి డిజైన్‌తో కట్టిన బిల్డింగు కూడా నడిపేవాళ్లు శ్రద్ధ పెట్టకపోతే మామూలు బిల్డింగ్ కన్నా ఎక్కువ తినేయగలదు. రాత్రి తొమ్మిదింటికి మనుషులు లేని ఫ్లోర్లలో ఏహెచ్‌యూలు (చల్లగాలి పంపే పెద్ద ఫ్యాన్ యూనిట్లు) తిరుగుతూనే ఉండడం, ఏసీని 21 డిగ్రీల దగ్గర పెడితే లోపల కూర్చున్న ఆడపిల్లలు శాలువా కప్పుకుని పని చేసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. థర్మోస్టాట్ ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈయే చెబుతోంది. డిజైన్ సర్టిఫికెట్ చూస్తే ఇవేవీ తెలియవు. ఏడాది మొత్తం రీడింగ్ చూస్తేనే తెలుస్తాయి.

ఈ లెక్క తీయడం కష్టమా అంటే, కానే కాదు. ప్రతి పెద్ద బిల్డింగుకూ హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉంటుంది. నెలనెలా బిల్లు వస్తుంది. అందులో యూనిట్లు, గరిష్ఠ డిమాండ్ అన్నీ ఉంటాయి. మన గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్ వెనక సగటున దాదాపు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు ఉందని కేంద్ర విద్యుత్ అథారిటీ ఏటా ఇచ్చే లెక్క చెబుతోంది. ఏడాదికి కోటి యూనిట్లు వాడే బిల్డింగ్ అనుకుందాం. హైదరాబాద్ పడమటి వైపు ఇది వింత అంకేమీ కాదు. ఆ ఒక్క బిల్డింగ్ కరెంటు వాటాయే 7,000 టన్నులు అవుతుంది. అందులో పదో వంతు తగ్గించినా 700 టన్నులు తగ్గినట్టు. యూనిట్ 8 రూపాయలని వేసుకున్నా యజమానికి ఏడాదికి 80 లక్షలు మిగులుతాయి.

డీజిల్ లెక్క ఇంకా సులువు. జనరేటర్ దగ్గర రిజిస్టర్ ఉంటుంది. లీటరు కాలిస్తే సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు. క్యాంటీన్ గ్యాస్ సిలిండర్లకూ బిల్లులుంటాయి.

ఎవరికీ పట్టనిది ఏసీ గ్యాస్. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను. సెంట్రల్ ఏసీకి నీళ్లు చల్లబరిచే పెద్ద యంత్రాన్ని చిల్లర్ అంటారు. చిల్లర్ ప్లాంట్‌లో ఒక లాగ్ బుక్ ఉంటుంది. షిఫ్టులో ఉన్న ఆపరేటర్ గంటగంటకూ నీళ్లు ఎంత చల్లగా వెళ్లాయి, ఎంత వేడెక్కి వచ్చాయి, కంప్రెసర్ ఎన్ని ఆంపియర్లు లాగుతోంది అని రాస్తాడు. చివర్న రిమార్క్స్ గడి. అందులో అక్కడక్కడా 'గ్యాస్ టాప్‌అప్ అయింది' అని ఉంటుంది. ఎన్ని కిలోలు పట్టిందో చాలాసార్లు ఉండదు. పైనుంచి కొత్తగా గ్యాస్ పోయాల్సి వచ్చిందంటే పాతది ఎక్కడో లీకై గాల్లో కలిసిందనే అర్థం. పెద్ద చిల్లర్లలో ఎక్కువగా కనిపించే ఆర్-134ఏ గ్యాస్ ఒక్క కిలో, 1,430 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానంగా భూమిని వేడెక్కిస్తుందని, ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించడానికి దేశాలు చేసుకున్న కిగాలీ ఒప్పందం జాబితాలో ఉంది. మెకానిక్కులు భుజాన వేసుకుని మెట్లెక్కే 13.6 కిలోల సిలిండర్ ఒక్కటి లీకైతే 19 టన్నులు దాటుతుంది. అంటే ఏడు వేల లీటర్ల డీజిల్ కాల్చినట్టు. కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. కానీ నగరంలో ఏ బిల్డింగులో ఎన్ని కిలోలు లీకవుతోందో అడిగే ఫారం ఒక్కటీ లేదు. ఫెసిలిటీ మేనేజర్‌కు ఇది కొనుగోలు ఖాతాలో ఒక చిన్న ఖర్చు, అంతే. ఆ ఇన్‌వాయిస్‌లో కిలోలు రాసే ఉంటాయి. ఎవరైనా అడిగితే ఇవ్వడానికి ఆయనకు ఇబ్బందేమీ లేదు.

ఇంకా చెప్పాలంటే, చాలా కంపెనీలు ఈ లెక్క ఇప్పటికే వేస్తున్నాయి. స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణ, సామాజిక బాధ్యతల రిపోర్టు ఇవ్వాలని సెబీ నిబంధన పెట్టింది. కాకపోతే అది కంపెనీ మొత్తానికి కలిపి ఇచ్చే అంకె. గచ్చిబౌలిలోని ఫలానా టవర్ సంగతి అందులో తెలియదు. టవర్ యజమాని ఒకరు, అద్దెకున్న కంపెనీలు పది అయినప్పుడు ఎవరి లెక్కలోనూ పూర్తిగా పడనిది చాలా ఉంటుంది. లిఫ్టులు, పార్కింగ్ దీపాలు, కామన్ చిల్లర్లు, జనరేటర్లు అన్నీ ఆ మధ్యలోనే జారిపోతాయి.

ఇక ఈ లెక్క లేకపోవడం వల్ల మామూలు జనానికి ఏమవుతోందో చెబుతాను.

1. టవర్ల చుట్టుపక్కల ఉండేవాళ్లకు వేడి, పొగ. లోపల చల్లబరచడమంటే లోపలి వేడిని తీసి బయట పోయడమే. మే నెలలో రాత్రి పదకొండింటికి కూడా మా సందులో గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. మా పక్కనే రేకుల గదుల్లో ఆ టవర్లలో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ పనులు చేసేవాళ్లు ఉంటారు. వాళ్లకు ఏసీ లేదు, చాలామందికి కూలర్ కూడా లేదు. కరెంటు పోయినప్పుడు టవర్ జనరేటర్ స్టార్ట్ అవుతుంది, దాని పొగ గొట్టం మా వైపే. పిల్లలకు ఆయాసం ఉన్న ఇళ్లలో తల్లులు కిటికీలు మూసేస్తారు. మూస్తే ఉక్క, తెరిస్తే పొగ. ఎన్ని గంటలు నడిచిందో, ఎంత డీజిల్ కాలిందో అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఎవరి మీదా నింద వేయడానికి అడగడం లేదు. మా ఇంటి గాలిలో కలిసేది ఎంతో తెలుసుకునే హక్కు మాకుంది.

2. ఎండాకాలం పీక్ డిమాండ్ భారం అందరి మీదా పడుతుంది. మధ్యాహ్నం, సాయంత్రం ఏసీల లోడ్ పెరిగినప్పుడు డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) కరెంటు అమ్మకాలు జరిగే ఎక్స్ఛేంజీలో కొనాల్సి వస్తుంది. అక్కడ ధర యూనిట్‌కు గరిష్ఠ పరిమితి 10 రూపాయల దాకా పోతుంది. ఆ ఖర్చు చివరికి టారిఫ్‌లోకి వస్తుంది. రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ ఉన్న ఇల్లు కూడా అందులో వాటా మోస్తుంది. ఏ బిల్డింగులు పీక్ వేళ ఎంత లాగుతున్నాయో తెలిస్తే, ముందుగా ఎవరితో మాట్లాడాలో డిస్కంకే తెలుస్తుంది.

3. చిన్న అద్దెదారులు మెయింటెనెన్స్ ఛార్జీలు గుడ్డిగా కడుతున్నారు. మాల్‌లో మొబైల్ కవర్లు అమ్మే కొట్టువాడు, ఆఫీసు టవర్ కింద టీ, టిఫిన్ పెట్టుకున్నవాడు, చిన్న స్టార్టప్ వాళ్లు చదరపు అడుగుకు ఇంత అని క్యామ్ (కామన్ ఏరియా మెయింటెనెన్స్) ఛార్జీలు కడతారు. అందులో పెద్ద భాగం సెంట్రల్ ఏసీదే. బిల్డింగ్ ఎంత దుబారా చేస్తోందో అద్దెకు దిగే ముందు తెలుసుకునే దారి వాళ్లకు లేదు. ఫ్రిజ్ కొంటే దాని మీద స్టార్లు ఉంటాయి, ఎన్ని యూనిట్లు తింటుందో రాసి ఉంటుంది. ఐదేళ్ల లీజు మీద సంతకం పెట్టే చోటుకు ఆ పాటి సమాచారం లేదు.

4. హైదరాబాద్‌లో స్విచ్ వేస్తే బూడిద పడేది రామగుండం, కొత్తగూడెం, మణుగూరు, దామరచర్ల చుట్టుపక్కల ఊళ్ల మీద. అక్కడి పంట ఆకు మీద, ఆరేసిన బట్టల మీద పడే బూడిదలో మన ఖాళీ ఫ్లోర్ల ఏసీ కరెంటుకూ వాటా ఉంది. నగరంలో వృథాగా పోయే ప్రతి యూనిట్ కోసం అక్కడ బొగ్గు కాలుతోంది.

5. ప్రజల డబ్బు. సర్కారు ఆఫీసులు, ఆస్పత్రులు, యూనివర్సిటీల కరెంటు బిల్లులు మన పన్నుల నుంచే కడతారు. అక్కడ దుబారా జరిగితే అదీ మన జేబులోంచే.

ఈ లెక్క తీసి చూపడం సాధ్యమేనని మన ఊళ్లోనే రుజువైంది. పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో 2011 ప్రాంతంలో ఒక ఆఫీసు బిల్డింగును సరిగ్గా రెండు సగాలుగా కట్టారు. ఒక సగానికి మామూలు సెంట్రల్ ఏసీనే బాగా మెరుగుపరిచి పెట్టారు. రెండో సగంలో కాంక్రీటు స్లాబులో పైపులు వేసి చల్లటి నీళ్లు పారించారు. రెండింటికీ వేర్వేరు మీటర్లు పెట్టారు. రెండో సగం చల్లదనానికి వాడిన కరెంటు దాదాపు మూడో వంతు తక్కువ. ఇది ప్రపంచమంతా చదివే ఇంజినీరింగ్ పత్రికల్లో వచ్చింది. విడిగా కొలిచారు కాబట్టే ఆ సంగతి తెలిసింది, తెలిసింది కాబట్టే వేరేవాళ్లూ ఆ దారి పట్టగలిగారు. పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ రేటింగులో అత్యున్నతమైన ప్లాటినం అమెరికా బయట మొదట అందుకున్న భవనం కూడా 2004లో మన కొండాపూర్ పక్కనే ప్రారంభమైంది. అంత ముందున్న నగరం ఈ ఒక్క పనిలో వెనకబడడం బాధగా ఉంది.

వేరే నగరాలు ఏం చేశాయో కూడా చూడండి. న్యూయార్క్ 2009లోనే పెద్ద బిల్డింగులు ఏటా తమ ఇంధన వాడకం చెప్పాలని చట్టం చేసింది. ఆ అంకెలు అందరూ చూడొచ్చు. తర్వాత గుమ్మం దగ్గర అక్షరంతో గ్రేడు అంటించాలన్నారు. కొన్నేళ్ల లెక్కలు చేతికి వచ్చాకే 2019లో 97వ నంబరు స్థానిక చట్టం తెచ్చి, 25,000 చదరపు అడుగులు దాటిన బిల్డింగులకు 2024 నుంచి ఉద్గారాల పరిమితి పెట్టారు. పరిమితి దాటితే టన్నుకు 268 డాలర్ల జరిమానా. ఆ ఊళ్లో వెలువడే ఉద్గారాల్లో మూడింట రెండు వంతులు భవనాలవేనని లెక్కలు తేల్చాయి. టోక్యో 2010 ఏప్రిల్ నుంచి పెద్ద భవనాలకు పరిమితి పెట్టి, మొదటి ఐదేళ్లలోనే ప్రాతిపదిక సంవత్సరాలతో పోలిస్తే 25 శాతం తగ్గించింది. హైదరాబాద్‌లో రేపటి నుంచే జరిమానాలు వేయమని మేం అడగడం లేదు. ముందు కొలవండి, చూపండి. అదే మొదటి మెట్టు.

చట్టం చాలదనే మాట వినిపించవచ్చు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టాన్ని 2022లో సవరించారు. 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ గానీ, 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ గానీ ఉన్న భవనాలు దాని కిందికి వస్తాయి. కోడ్‌ను స్థానిక వాతావరణానికి తగ్గట్టు మార్చుకునే అధికారం 15వ సెక్షన్ రాష్ట్రానికి ఇచ్చింది. నిర్దేశిత వినియోగదారుల (ఎక్కువ ఇంధనం వాడేవాళ్లుగా ప్రభుత్వం గుర్తించినవాళ్ల) నుంచి వాడకం వివరాలు తెప్పించుకునే అధికారం కూడా అందులోనే ఉంది. మిగిలిన బిల్డింగుల విషయంలో అనుమతి, ఓసీ షరతులు మీ చేతిలోనే ఉన్నాయి.

వ్యాపార రహస్యాలు బయటపడతాయని కొందరు అంటారు. ఒక బిల్డింగు మొత్తానికి ఏడాది యూనిట్లు చెబితే లోపలి కంపెనీ ఏం తయారు చేస్తోందో ఎవరికీ తెలియదు. గ్రీన్ రేటింగ్ ఉంది కదా అని ఇంకొందరు అంటారు. రేటింగ్ తెచ్చుకున్నవాళ్ల కృషి నాకు తెలుసు, గౌరవం ఉంది. నిజంగా బాగా నడుపుతున్నవాళ్లకు ఈ లెక్క మేలే చేస్తుంది, వాళ్ల పేరు పైకొస్తుంది. ఆస్పత్రిని ఆఫీసుతో పోల్చకూడదన్న అభ్యంతరం మాత్రం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. ఆస్పత్రి ఇరవై నాలుగు గంటలూ నడవాలి, ఆపరేషన్ థియేటర్‌లో గాలి మార్పిడి తగ్గించడానికి వీల్లేదు. దాన్ని ఇంకో ఆస్పత్రితోనే, పడకల లెక్కన పోల్చాలి. డేటా సెంటర్లది పూర్తిగా వేరే సంగతి, వాటికి విడి పట్టిక ఉండాలి.

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. 100 కిలోవాట్లు దాటిన ప్రతి వాణిజ్య, సంస్థాగత భవనమూ ఏడాదికోసారి ఉద్గారాల వివరం ఇవ్వాలని జీవో తీసుకురండి. కరెంటు, డీజిల్, వంటగ్యాస్, ఏసీ గ్యాస్ నాలుగూ అందులో ఉండాలి. ఏసీ గ్యాస్ విషయంలో రకం, ఏడాదిలో నింపిన కిలోలు తప్పనిసరి చేయాలి. ఈ గడి వదిలేస్తే ఫారం సగం పనికే వస్తుంది.

2. కరెంటు లెక్కను యజమాని చేత మళ్లీ నింపించకండి. డిస్కం దగ్గరున్న హెచ్‌టీ రీడింగును ఆస్తిపన్ను నంబరుతో జతచేయండి. బిల్డింగ్ ఒకటే అయినా నాలుగు సర్వీసు నంబర్లు ఉంటాయి, అవన్నీ ఒక్కచోట కలపడమే అసలు పని. హెచ్‌టీ బిల్లు కేవీఏహెచ్ అనే వేరే కొలత మీద వస్తుంది, ఉద్గారాల లెక్కకు కేడబ్ల్యూహెచ్ (మామూలు యూనిట్ల) రీడింగ్ తీసుకోవాలి. ఈ తేడా చూడకపోతే అంకెలు తప్పుతాయి.

3. ప్రతి బిల్డింగుకు చదరపు మీటరుకు ఎన్ని యూనిట్లు, ఎన్ని కిలోల ఉద్గారాలు అన్నది తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ భాషల్లో ఆన్‌లైన్‌లో పెట్టండి. గుమ్మం దగ్గర బోర్డు మీద కూడా ఉండాలి. పైకప్పు సోలార్, బయటి నుంచి కొన్న గ్రీన్ పవర్ విడివిడిగా చూపాలి, రెండూ కలిపేసి సున్నా అని రాయకూడదు.

4. సర్కారు భవనాలతో మొదలుపెట్టండి. సచివాలయం, కలెక్టరేట్లు, పెద్ద సర్కారు ఆస్పత్రుల లెక్క మొదటి ఏడాదే బయటపెడితే ప్రైవేటువాళ్లు కాదనడానికి సాకు ఉండదు.

5. అంకెలు ఇవ్వనివారికి, తప్పుడు అంకెలు ఇచ్చేవారికి జరిమానా ఉండాలి. ఏటా కొన్ని బిల్డింగులను ఎంచి స్వతంత్ర ఎనర్జీ ఆడిటర్లతో తనిఖీ చేయించండి. ఆ ఆడిటర్‌కు బిల్డింగ్ యజమాని ఫీజు కట్టే పద్ధతి వద్దు. మా వృత్తిలో ఉన్న పెద్ద ఇబ్బంది అదే. ఫీజు ఇచ్చేవాడి మొహం చూస్తూ రిపోర్టు రాయాల్సి వస్తుంది.

6. మొదటి మూడేళ్ల లెక్కలు వచ్చాక, ఒక్కో రకం భవనానికి పరిమితి ఎంత ఉండాలో బహిరంగ విచారణ పెట్టి తేల్చండి. అందులో కాలనీ సంఘాలకు, చిన్న అద్దెదారులకు, ఏసీ మెకానిక్కులకు కూడా మాట్లాడే అవకాశం ఇవ్వండి.

మన దేశంలో చల్లదనం కోసం గిరాకీ 2017-18తో పోలిస్తే 2037-38 నాటికి ఎనిమిది రెట్లు అవుతుందని, ఒక్క భవనాల వరకే చూస్తే పదకొండు రెట్ల దగ్గరకు చేరుతుందని 2019లో కేంద్రం తెచ్చిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ అంచనా వేసింది. ఆ గడువులో చాలా ఏళ్లు ఇప్పటికే గడిచిపోయాయి. కోకాపేట, నానక్‌రాంగూడ, రాయదుర్గం వైపు ఇవాళ లేస్తున్న టవర్లకు ఓసీ ఇచ్చేటప్పుడే ఈ షరతు పెట్టగలిగితే పని తేలిక. చిల్లర్లకు, జనరేటర్లకు, కామన్ ఏరియాకు విడి మీటర్లు కట్టేటప్పుడే పెట్టించవచ్చు. కట్టేశాక పెట్టించాలంటే ప్యానెళ్లు విప్పాలి, ఖర్చు, గొడవ. అందుకే ఈ ఒక్క షరతు మీద నిర్ణయం మిగతావాటికోసం ఆగకుండా వెంటనే తీసుకోమని కోరుతున్నాం.

ఈ లేఖకు ముప్ఫై రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఆరు డిమాండ్లలో ఏది ఒప్పుకుంటారో, ఏది కుదరదో, కుదరకపోతే ఏ నిబంధన అడ్డమో పాయింటుకు పాయింటు చెప్పండి. ఫారం ఎలా ఉండాలో తయారుచేయడానికి, ఒకటి రెండు సర్కారు భవనాల్లో ముందుగా లెక్క తీసి చూపడానికి నేనూ, నాతో పనిచేసే ఇంజినీర్లూ డబ్బు తీసుకోకుండా వస్తాం. కబురు పంపితే చాలు.

ఇట్లు,
హైదరాబాద్ పడమటి కాలనీవాసుల తరఫున,
ఒక ఎనర్జీ ఆడిటర్